సంస్థవారి కుడికాలు

మా సంస్థకు యాభై ఏళ్ళు నిండాయని ఒక పుస్తకం వేశారు. దళసరి కాగితం. అట్ట మీద ఏ బొమ్మా లేదు. బొమ్మ లేకపోవడం మా సంస్థ సిద్ధాంతం. లోపల మాత్రం రెండు పేజీల మీద పరిచి నా కుడి మోకాలి ఫొటో వేశారు. కింద నా పేరు లేదు. “సంస్థకు మూలాధారం” అని ఉంది. ఆ చరిత్ర రాసినాయన పట్నం నుంచి కారులో వచ్చి, కారులోనే వెళ్ళిపోయాడు. నన్ను కలవలేదు. మోకాలు దొరికాక మనిషితో పనేముంది?

కాబట్టి ఆ పుస్తకంలో లేని చరిత్ర నేను రాస్తున్నాను. నా పేరు యర్రంశెట్టి గవర్రాజు. మా ఊరి బడిలో చెప్పినంతవరకే చదువుకున్నాను. ఈ పనికి అది చాలు.

సంస్థను పెట్టింది ముంజులూరి కామేశం గారు. గోదావరి గట్టున, కలప డిపోల పక్కన, మా గట్టుపేటలో వాళ్ళ నాన్నగారికి మంచాల కొట్టు ఉండేది. పందిరి మంచాలు చేసేవారు. కోళ్ళకు సింహం గోళ్ళు, తలాపున రెండు చిలకలు. చిలకలు లేని మంచం పెళ్ళివారు కొనేవారు కాదు. కామేశం గారు జర్మనీ వెళ్ళి కుర్చీల చదువు చదివి వచ్చారు. వచ్చిన మర్నాడే కొట్లో ఉన్న చిలకలన్నిటికీ చిత్రిక పట్టించారు. ఏ చేతులతో చెక్కాడో ఆ చేతులతోనే నున్నగా తుడిచెయ్యమంటే మేస్త్రి ఆ పూట అన్నం ముట్టలేదు.

అలంకారం అబద్ధమని కామేశం గారు చెప్పారు. శరీరం ఏం చెబితే చెక్క అది వినాలన్నారు. ఆ రోజుల్లో ప్రభుత్వానికి కూడా ఆధునికత మీద మోజు పుట్టింది. సగం వాటా పెట్టింది. మంచాల కొట్టు కాస్తా రాష్ట్ర నవీన ఆసనాల సంస్థ అయింది. షెడ్డుకు తెల్ల సున్నం వేశారు. కుంకుమబొట్టు పెట్టిన గుమ్మాన్ని కడిగించారు. బొట్టు కూడా అలంకారమే కదా.

ఇక శరీరం కావలసి వచ్చింది. కామేశం గారు షెడ్డంతా తిరిగి చూశారు. నేను కోతమిల్లు దగ్గర దుంగలు మోస్తున్నాను. నన్ను ఆపి అటూ ఇటూ తిప్పారు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. లావూ కాదు, సన్నమూ కాదు. ఈ మనిషిలో ప్రత్యేకత ఏమీ లేదని ఆయన సంతోషపడ్డారు. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ వీరవేణి మేనత్త కూడా నా గురించి సరిగ్గా ఈ మాటే అంది. ఆవిడ సంతోషపడలేదు.

పెద్ద పీట మీద గోదావరి ఒండ్రుమట్టి తడిపి పోశారు. దాని మీద కూర్చోమన్నారు. “నీ ఇంట్లో హాయిగా ఎలా కూర్చుంటావో అలా కూర్చో. నేనున్నానని మర్చిపో” అన్నారు. నేను పంచె సర్దుకుని, కుడికాలు మడిచి పైన పెట్టుకుని, ఎడమకాలు కిందికి వదిలి కూర్చున్నాను. మా ఊళ్ళో బల్ల మీదైనా, మంచం మీదైనా, రైల్వే స్టేషన్లోనైనా అందరం అలాగే కూర్చుంటాం. కామేశం గారు నా చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఎప్పుడూ ఇలాగేనా అని మెల్లిగా అడిగారు.

“ఆయ్. రెండూ ఏలాడేత్తే నరాలు లాగేత్తాయండి” అన్నాను.

ఆ మాట తరవాత ఇంగ్లీషులోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి జర్మన్‌లోకి వెళ్ళిందట. తిరిగి తెలుగులోకి వచ్చేసరికి “వేలాడే ఆధునిక మానవుడి నాడీవ్యధ” అయింది. నేను గుర్తుపట్టలేదు.

మట్టిలో పడిన అచ్చును బట్టి కుర్చీ చేశారు. కుడివైపు చేటంత వెడల్పు, ఎడమవైపు జానెడు. మూడే కోళ్ళు. కుడికి రెండు, ఎడమవైపు వెనక ఒకటి. కుడికాలు మడిచి కూర్చుంటే రాయిలా నిలబడుతుంది. రెండు కాళ్ళూ కిందపెట్టి కూర్చుంటే ముందుకు ఒరిగి మనిషిని నేల మీద దింపుతుంది. దానికి ఆసనం–1 అని పేరు పెట్టారు. వీరవేణి క్యారేజీ తెచ్చినప్పుడు చూసి, “ఇది కుర్చీయా, కుంటిమేకా?” అంది. సంస్థ మీద వచ్చిన మొదటి విమర్శ అది. పుస్తకంలో లేదు.

దాన్ని విదేశంలో ఏదో ప్రదర్శనకు పంపారు. అక్కడ గాజు పెట్టెలో పెట్టి బహుమతి ఇచ్చారు. గాజు పెట్టెలో ఉంది కనుక ఎవరూ కూర్చోలేదు. కూర్చోలేదు కనుక ఎవరూ పడలేదు. ఆ వార్త పేపర్లో రాగానే ప్రభుత్వం వారు ఉప్పొంగిపోయి, రాష్ట్రంలోని ఆఫీసులన్నిటిలో పాత కుర్చీలు తీసేసి ఆసనం–1 వెయ్యాలని ఉత్తర్వు ఇచ్చారు.

మొదటి వారంలోనే గుమాస్తాలు పడడం మొదలుపెట్టారు. బల్లల వెనక నుంచి ఒక్కొక్కరే మాయమయ్యేవారట. అర్జీలు తెచ్చినవాళ్ళు ఎదురుగా ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయేవారు. ఒక సంఘం వేశారు. దానికి కార్యదర్శి నిట్టల సుబ్బారాయుడు గారు. మా సంస్థలో ప్రమాణాల అధికారిగా అప్పుడే వచ్చాడు. ఆయన ఏ మాటనైనా మడత ఇస్త్రీ చేసి గాని బయటికి తీసేవాడు కాదు. సంఘం తేల్చింది ఇది: “పతనములకు హేతువు ఆసనము కాదు. ఆసీనుల అసమగ్ర భంగిమ.”

అప్పుడు వచ్చింది అసలు ఉత్తర్వు. ప్రభుత్వోద్యోగులందరూ విధి నిర్వహణలో కుడికాలు మడిచి కూర్చోవలెను.

ఉద్యోగులు బూట్లు బయట విడవడం మొదలుపెట్టారు. జిల్లా సమావేశాల్లో అధికార్లందరూ కాలు మడుచుకుని వరసగా కూర్చుంటే, విస్తరి ఎప్పుడు పడుతుందా అని చూసే బంతిలా ఉండేది. పైఅధికారుల మేజోళ్ళ చిల్లులు కింది అధికార్లకు కనబడ్డాయి. క్రమశిక్షణ దెబ్బతింటుందని, అటువంటి చిల్లులను అధికార రహస్యాలుగా పరిగణించాలని మరో ఉత్తర్వు వచ్చింది. ఆడ ఉద్యోగుల సంగతి వేరే ఆలోచించారు. చీరకట్టులో ప్రమాణ భంగిమ మర్యాదకు లోపమని భావించినందున, వారికి నిలబడి పనిచేసే ప్రత్యేక సౌకర్యం కల్పించడమైనది.

ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పుట్టుకతో ఎడమకాలు మడిచే మనిషి. అద్దంలో తిప్పినట్టు ఇటుది అటు చేసి ఒక్క కుర్చీ ఇప్పించమని వేడుకున్నాడు. సిద్ధాంతం ఒక్కటే గనుక ఆసనం ఒక్కటేనని, కాళ్ళు మాత్రం రెండున్నాయి గనుక అర్జీదారు రెండోదాన్ని వాడుకోవచ్చునని సుబ్బారాయుడు గారు జవాబు రాశాడు. ఆ ఇన్‌స్పెక్టరు రాజీనామా చేసి కొబ్బరికాయల వ్యాపారం పెట్టుకున్నాడు. సుఖపడ్డాడు.

ఇంత జరుగుతున్నా కామేశం గారు తన కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. ఆయనకు కాలు మడవడం రాదు. జర్మనీలో పోయింది. నిలబడే పనిచేసేవారు. అదీ సిద్ధాంతమేననుకున్నాం. కొన్నాళ్ళకు నిలబడే పోయారు.

నాకు మాత్రం ఉద్యోగం మారింది. దుంగలు మొయ్యక్కర్లేదన్నారు. ప్రమాణ ఆసీనుడు అన్నారు. కొలతకు గజంబద్ద ఎలాగో కుర్చీకి నేను అలాగ. షెడ్డులో తయారైన ప్రతి దఫా కుర్చీల్లో మొదటిదాని మీద నేను కూర్చోవాలి. నాకు సరిపోతేనే రాష్ట్రానికి సరిపోయినట్టు. మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. కూర్చుంటే జీతం ఇస్తారంటే ఎవడికి చేదు?

తరవాత సుబ్బారాయుడు గారు నా కొలతల కోసం టేపు పట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. గజంబద్ద పెరగకూడదు, తరగకూడదు, రిటైరు కాకూడదు. సైకిలు తొక్కొద్దన్నారు, పిక్కలు మారతాయని. పెళ్ళిభోజనాలకు వెళ్ళొద్దన్నారు. మా ఇంట్లో పప్పులో నెయ్యి ఎక్కువవుతోందని వీరవేణికి నోటీసు ఇచ్చారు. ఆవిడకు చదువు రాదు. చదివి వినిపించాను. నేతిగిన్నె అలాగే పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, బయట నిలబడ్డ సుబ్బారాయుడు గారితో, “నేను మొగుడికి వొండుతున్నానండి, కుర్చీకి కాదు” అంది. ఆ పూట నాకు రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

ఏళ్ళ తరబడి మడిచిన మోకాలు ఊరుకోదు. ముందు పట్టేసింది. తరవాత వాచింది. రాత్రిళ్ళు వీరవేణి ఆముదం వెచ్చజేసి రాసేది. పెద్దాసుపత్రి డాక్టరు వేలితో నొక్కి చూసి, ఇకనైనా కాలు కిందపెట్టుకు కూర్చో, లేకపోతే ఈ కాలితో నడవలేవని చెప్పాడు. ఆయన కూడా అది కుడికాలు మడుచుకునే చెప్పాడు. గవర్నమెంటు డాక్టరు.

అప్పుడు నేను అర్జీ పెట్టాను. డ్యూటీలో కుడికాలు దించుకోడానికి అనుమతి ఇప్పించమని. నేను బతుకులో కోరినది అదొక్కటే.

దాని మీద పెద్ద సమావేశం జరిగింది. నన్ను మధ్యలో నిలబెట్టి చుట్టూ కాలు మడుచుకుని కూర్చున్నారు. సుబ్బారాయుడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, కోపం లేకుండానే చెప్పాడు.

“గవర్రాజూ, నువ్వు దించేది నీ కాలు అనుకుంటున్నావు. నీ కాలు దిగితే ప్రమాణం దిగుతుంది. ప్రమాణం దిగితే రాష్ట్రంలో ఒక్క ఆఫీసు నిలవదు. ఇన్ని ఆఫీసులు ఒక మోకాలి కోసం ఒరగడం న్యాయమేనా, నువ్వే చెప్పు.”

నొప్పిగా ఉందండి అన్నాను. నొప్పి ప్రమాణంలో అంశం కాదన్నాడు. పొడుగు, వెడల్పు, బరువు, కోణం మాత్రమే అంశాలు. చివరికి దయతలచి ఒక తీర్మానం చేశారు. ఆసనం మీద లేనప్పుడు, ఇంటి దగ్గర, వ్యక్తిగత హోదాలో కాలు దించుకోవచ్చును.

మర్నాడు వీరవేణి ఆఫీసుకు వెళ్ళింది. నేను వద్దన్నాను. వద్దన్న పనులు ఆవిడ ముందు చేసేది. సుబ్బారాయుడు గారి బల్ల ముందు నిలబడిందిట. అక్కడ ఆడవాళ్ళకు కూర్చునే ఏర్పాటు లేదు గదా.

“కాలు మీదేనని కాయితం రాయించేసుకోండి బాబూ. ఇక్కడే ఎట్టుకోండి. రేత్రికి ఆందం రాయటానికి మీలో ఎవరో ఒకరు రండి. నేను పడుకుంటాను” అందట.

గదిలో ఎవరో నవ్వారు. సుబ్బారాయుడు గారు నవ్వలేదు. ఆముదం సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. వాపు తగ్గితే మోకాలి చుట్టుకొలత మారుతుంది కనుక ఆముదం మానవలసిందిగా నోటీసు వచ్చింది.

మానకపోయినా లాభం లేకపోయింది. కాలు బిగిసిపోయింది. పూర్తిగా ముడుచుకోదు, పూర్తిగా చాపుకోదు. సగంలో నిలిచిపోయింది. ఇప్పటికైనా వదిలేస్తారనుకున్నాను. వాళ్ళు మట్టి తడిపారు. నన్ను మళ్ళీ కూర్చోబెట్టి కొత్త అచ్చు తీశారు. ప్రమాణం తప్పడానికి వీల్లేదు కదా. ప్రమాణం ఎలా ఉంటే కుర్చీలు అలా ఉండాలి. ఆ ఏడాది వచ్చిన నమూనాలో కుడి మోకాలు ఛాతీ ఎత్తున లేచి ఉంటుంది, పాదం గాలిలో ఉంటుంది. సంస్థ పత్రికలో దాన్ని ఆసనం యొక్క పరిణత దశ అన్నారు.

కొత్త కుర్చీలు పైఅధికార్లకు వేశారు. గాలిలో కాలు ఎంతసేపు నిలుస్తుంది? మొదట ఫైళ్ళు పేర్చి కింద పెట్టుకున్నారు. ఫైళ్ళు కదిలించడం కుదరక పనులు ఆగిపోయాయి. పనులు ఆగడం ఎవరూ గమనించలేదు గాని, ఒక పెద్దాయన కాలు జారి సిరాబుడ్డిలో పడింది. అప్పుడు ప్రతి పెద్ద అధికారికి ఒక మనిషిని ఇచ్చారు. అతను పక్కన నిలబడి రెండు చేతులతో అయ్యగారి పాదం పట్టుకోవాలి. ఆ ఉద్యోగానికి పాదసహాయకుడు అని పేరు. దానికి డిగ్రీ ఉండాలన్నారు. పరీక్ష రాసిన వాళ్ళతో స్టేడియం నిండిపోయింది.

నాకు మాత్రం పాదసహాయకుణ్ణి ఇవ్వలేదు. ప్రమాణానికి సహాయం ఉండకూడదట.

ఆ వానాకాలం వీరవేణికి ఊపిరి అందడం మానేసింది. పెద్దాసుపత్రిలో చేర్చాను. మంచం పక్కన చూసుకునేవాళ్ళకని ఒక్కో కుర్చీ ఉంది. ఆసనం–1. మొదటి దఫాది. పూర్తి మడత. గోడకు పటం ఉంది. నా కుడి మోకాలు, వయసులో ఉన్నప్పటిది. కింద “ఇలా కూర్చోవలెను” అని రాసి ఉంది.

నేను కూర్చోబోయాను. కాలు మడత పడలేదు. కుర్చీ ఒరిగింది. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి, కూర్చోడం రాకపోతే నిలబడమంది. గవర్నమెంటు సొమ్ము పాడుచేస్తే తన మీదకు వస్తుందంది. ఆ పటంలో కాలు నాదేనమ్మా అన్నాను.

“ఈడికొచ్చినోళ్ళందరూ అదే సెప్తారు” అంది. “ఆయన పోయి సానా ఏళ్ళయింది.”

పంచె పైకి తీసి మోకాలు చూపించాను. ఆవిడ పటం వైపు చూసింది, నా కాలు వైపు చూసింది. వంగి మరీ చూసింది. పోలికే లేదంది.

వీరవేణి నవ్వింది. ముక్కుకు పెట్టిన గొట్టం కదిలేదాకా నవ్వింది. ఆ మంచం మీద ఆవిడ నవ్వడం అదొక్కసారే.

“ఊరందర్నీ కూకోబెట్టావు మావా” అంది. “నీకే సోటు లేదు.”

తరవాత మెల్లిగా కాళ్ళు పక్కకు జరుపుకుంది. “ఇలా రా. ఇది ఇనప మంచం. దీనికి సదువు రాదు. కూకో” అంది.

మంచం అంచున కూర్చున్నాను. బిగిసిన కాలు నేలకు ఆనలేదు. ఆవిడ చెయ్యి వేసి మోకాలి మీద మెల్లిగా అదిమింది. అంగుళం అంగుళం దిగింది. ప్రాణం పోయినంత నొప్పి. పాదం నేలకు తగిలింది. మంచం రోగులకని ఆయమ్మ అరిచింది. నేను లేవలేదు. ఆ ఆదివారం తెల్లవారాక వీరవేణి పోయింది. అప్పుడు నా రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి.

దినం అయిన మర్నాడు కబురు వచ్చింది. స్వర్ణోత్సవాల దఫా కుర్చీలు తయారయ్యాయి, వచ్చి కూర్చోమని. పందిరి కింద పెద్దలందరూ ఉన్నారు. పాదసహాయకులు బారులు తీరి పాదాలు పట్టుకుని ఉన్నారు. సుబ్బారాయుడు గారు నా చెవి దగ్గరకు వంగి, సంస్థ తరఫున సంతాపం తెలియజేశాడు. దిగులు వల్ల బరువేమైనా తగ్గి ఉంటే ముందుగానే చెప్పవలసిందన్నాడు.

ఎత్తైన వేదిక మీద కొత్త కుర్చీ ఉంది. వెళ్ళి రెండు కాళ్ళూ కిందపెట్టి కూర్చున్నాను.

కుర్చీ తన పని తాను చేసింది. ముందుకు ఒరిగి, నన్ను వేదిక మీంచి పూలకుండీల్లోకి దింపింది. దెబ్బ తగల్లేదు. లేవనూ లేదు. రెండు కాళ్ళూ చాపగలిగినంత చాపుకుని అక్కడే ఉన్నాను. పెద్దలు చుట్టూ చేరారు. అందరూ ఒక్కసారి లేచేసరికి సగంమంది తమ కుర్చీల మీంచి పడ్డారు. ఆ గొడవ వేరే. సుబ్బారాయుడు గారు మొహం పాలిపోయి, ఏం చేశావని అడిగాడు.

“హాయిగా కూకోమన్నారు గదండీ, మొదట్లో” అన్నాను. “కూకున్నాను.”

విచారణ జరిగింది. కుర్చీ తప్పా, మనిషి తప్పా అన్నది ప్రశ్న. కుర్చీ తప్పంటే ఆఫీసులన్నీ తప్పు, బహుమతి తప్పు, ఇన్నేళ్ళ ఉత్తర్వులూ తప్పు. మనిషి తప్పంటే ఒక్కడే తప్పు. లెక్క తేలిగ్గా తేలింది. తీర్పులోని మాటలు ఇవి: “సదరు గవర్రాజు ప్రమాణ ఆసీనుని భంగిమలో లేనందున, ప్రమాణ ఆసీనుడు కాడు. ప్రమాణము మారనిది గనుక, మునుపు కూడా అయి ఉండడు.” నా చోట్లో, మొదటి మట్టి అచ్చులో పోసిన తెల్ల ప్లాస్టరు కాలును నియమించారు. దానికి దండ వేశారు. అది ఇప్పటికీ సర్వీసులో ఉంది. సెలవు పెట్టదట. పైవాళ్ళు దాన్ని చాలా మెచ్చుకుంటున్నారు.

ఆ ఉత్తర్వు నాకు అందజెయ్యడానికి సుబ్బారాయుడు గారే మా ఇంటికి వచ్చాడు. పొడిగింపు మీద పొడిగింపు ఇచ్చి ఉంచిన ఆయనకూ రిటైర్మెంటు దగ్గరపడింది. చేతికర్రతో నడుస్తున్నాడు. కుంటుతున్నది కుడికాలు. నేను అరుగు మీద కాళ్ళు రెండూ కిందికి వదిలి కూర్చుని ఉన్నాను. కాగితం తీసుకున్నాను. ఆయన వెళ్ళలేదు. కాసేపు కూర్చుంటానన్నాడు.

సిమెంటు అరుగు. దాని మీద ఎలా కూర్చున్నా పడరు. ఆయన కూర్చోగానే కుడికాలు దానంతట అదే పైకి లేచి ముడుచుకుంది. మోకాలి చిప్ప దగ్గర చప్పుడైంది. పళ్ళు బిగబట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక చేత్తో కాలు పట్టుకున్నాడు గాని దించలేదు.

వీధిలో ఎవరూ లేరు. ఆయన అటూ ఇటూ చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు.

“గవర్రాజూ, ఇది కాస్త కిందపెట్టుకోవచ్చంటావా?” అన్నాడు, చిన్న గొంతుతో.

నా రెండు పాదాల కింద నేల చల్లగా ఉంది. వీధి చివరిదాకా ఒకసారి చూశాను.

“పరిశీలిస్తానండి” అన్నాను.